కొబ్బరి రేట్లు

కొత్తపేట,
జులై 30.

అత్తా,

ఉత్తరం చూసి కంగారు పడకు. నా ఫోను నాన్న బీరువాలో పెట్టి తాళం వేశారు. అమ్మ ఫోనులో మాట్లాడదామంటే అమ్మ పక్కనుంచి కదలదు. ఇంటికి రాస్తే మామయ్య ముందు విప్పి చదువుతారేమోనని మీ స్కూలు అడ్రసుకి రాస్తున్నాను. నువ్వు కూడా ఉత్తరమే రాయి.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను బండారులంక చీరలు ఆన్‌లైనులో అమ్ముతున్న సంగతి నీకు తెలుసు. శివనాగరాజు, చిన్నతల్లి మొగుడూ పెళ్ళాలు నేసిన చీరలు తెచ్చి, సాయంత్రాలు మా ముందుగదిలో లైవ్ పెట్టి, నేనే కట్టుకుని చూపిస్తాను. శ్రావణమాసం కదా, వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి.

పోయిన శుక్రవారం లైవ్ నడుస్తుండగా ఒకడు కింద రాశాడు. 'చీర ఎందుకులెండి, లేకుండా చూసేశాం' అని. తాగుబోతు ఎవడో అనుకుని వాణ్ణి తీసేశాను. వెంటనే ఇంకొకడు అదే మాట. తరవాత నవ్వే బొమ్మలు వరసగా. చేతిలో కుచ్చిళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ సాయంత్రమే అనిత ఫోను చేసింది. నీ దగ్గర పదో తరగతి దాకా చదువుకుని, డిగ్రీలో నా పక్కన కూర్చున్న అనితే. ఇప్పుడు అమలాపురంలో జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఏడుస్తూ ఒక లింకు పంపింది. అదొక గ్రూపు. పేరు 'కొబ్బరి రేట్లు'. భార్య చూసినా తల్లి చూసినా కొబ్బరి వ్యాపారం గ్రూపే అనుకోవాలి. లోపల ఉన్నవి మన చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ ఫోటోలు. పెళ్ళిళ్ళలో తీసినవీ, బస్సుల్లో తీసినవీ, మేం మా సరదాకి పెట్టుకున్నవీ తీసుకుని, కంప్యూటరుతో బట్టలు లేనట్టు మార్చి పెడుతున్నారు. కింద ఊరు, వీధి, తండ్రి పేరు. వేలమంది మగవాళ్ళు చూస్తున్నారు.

అందులో నేనున్నాను. మొహం నాది, వెనక గోడ మాది, మిగతాది నేను కాదు. అయినా అది చూడగానే నా చేతులు పైట సర్దుకున్నాయి అత్తా. కట్టుకునే ఉన్నానా లేదా అని తడుముకుని చూసుకున్నాను.

మర్నాడు కొబ్బరి తోటలో ఎవరో నాన్నకి చూపించారట. నాన్న తిట్టలేదు, అరవలేదు. ఇంటికొచ్చి లైటు స్టాండు విరిచి పెరట్లో పడేశారు. అప్పటి నుంచి నా మొహం చూడడం లేదు. అమ్మ మంచం దిగడం లేదు. చిన్నతల్లి వచ్చి వీధిలో నిలబడి, 'అమ్మాయిగారండీ, మీరు లైవులు ఆపేస్తే మా చీరలెవరు అమ్ముతారండీ?' అని అడిగితే నాన్న తలుపు వేసేశారు.

పోలీసులకి చెబుదామన్నాను. 'చెప్పి ఏం చేస్తావే? చూడనోళ్ళు కూడా చూస్తారు' అన్నారు. నువ్వు ఆయనకి అక్కవి, నీ మాట కాదనరు. ఏం చెయ్యమంటావో చెప్పు. మానెయ్ అని మాత్రం చెప్పకు.

నీ మేనకోడలు,
దుర్గాశ్రీ


రాజోలు,
ఆగస్టు 4.

నా దుర్గమ్మా,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పాను. బడి వదిలాక ఖాళీ క్లాసులో తలుపేసుకుని మళ్ళీ చదివాను. మానెయ్ అని నేను చెబుతానని ఎలా అనుకున్నావే?

నీకెప్పుడూ చెప్పని సంగతొకటి చెబుతాను. నేను తెలుగు టీచరుగా కొత్తగా చేరిన రోజులు. సైకిలు మీద స్కూలుకి వెళ్ళేదాన్ని. ఒకనాడు ప్రహరీ గోడ మీద బొగ్గుతో నా పేరు, పక్కన రాయకూడని మాటలు, ఒక బొమ్మ. హెడ్మాస్టరుగారు పాపం సున్నం వేయిస్తానన్నారు. వద్దన్నాను. ఎర్రసుద్ద తీసుకుని పిల్లలందరూ చూస్తుండగా అందులో అక్షర దోషాలన్నీ దిద్దాను. వెధవకి ఒత్తులు రావు. కింద 'మరల వ్రాసి చూపింపుము' అని రాసి సంతకం పెట్టాను. మళ్ళీ ఎవడూ రాయలేదు.

నీది గోడ కాదు, ఎర్రసుద్దతో పోయేది కాదు. నాకు తెలుసు. అందుకే పోలీసుల దగ్గరికి వెళ్ళు. సైబరు నేరాల 1930 నంబరుకి ఫోను చేసి కూడా చెప్పు. అనితని వెంటబెట్టుకో. మీ నాన్నకి వేరే ఉత్తరం రాశాను. 'తమ్ముడూ, పిల్ల మొహం చూడాల్సిన టైములో చూడకపోతే, తరవాత నువ్వు చూద్దామన్నా అది చూపించదు' అని. ఫోను ఇచ్చేస్తాడు.

ఆదివారం మా అబ్బాయి సతీష్‌ని మీ ఇంటికి పంపుతున్నాను. వాడు ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడుగా, ఇలాంటివి వాడికి బాగా తెలుస్తాయి. విన్నప్పటి నుంచి వాడు కూడా మూగనోము పట్టినట్టున్నాడు పాపం.

ఆ పని చేసినవాడు ఎవడో గాని, వాడి తల్లి వాణ్ణి అన్నం పెట్టి పెంచిందో గడ్డి పెట్టి పెంచిందో! దొరికితే ముందు ఆవిణ్ణి అడగాలి.

ధైర్యంగా తిను. ధైర్యంగా పడుకో.

నీ అత్త,
మాణిక్యం


కొత్తపేట,
ఆగస్టు 19.

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజునే నాన్న బీరువా తాళం తీశారు. ఫోను బల్ల మీద పెట్టి తోటకి వెళ్ళిపోయారు.

కంప్లయింటు ఇచ్చాను. మొదట కూర్చున్నాయన ఫోటో చూసి, 'ఇది మీరేనా అండీ, కాదా అండీ?' అని అడిగాడు. కాదని చెప్పడానికి కూడా దాన్ని చూపించాలి కదా. చూపించిన ప్రతిసారీ ఎదుటివాడి కళ్ళు ముందు ఫోనులోకి, తరవాత నా మీదకి. అనిత నా చెయ్యి వదల్లేదు. లోపలి నుంచి ఎస్సైగారు వచ్చారు. దుర్గాదేవి అని, మనలాగే మాట్లాడే మనిషి. 'కూర్చోండమ్మా. ఏడుపొస్తే ఏడవండి, పర్లేదు. కాని ఒక్క ఫోటో కూడా చెరపొద్దు, ఒక్క కామెంటూ చెరపొద్దు. అయ్యే మనకి సాక్ష్యం' అన్నారు. నా ఫోను తీసుకున్నారు. అనిత తన ఫోటోలు కూడా ఉన్నాయని అక్కడే కంప్లయింటు రాసింది. ఆ వారంలోనే ఇంకో ఐదుగురు వచ్చారు. ఒకావిడ మనవడున్న మనిషి అత్తా.

సతీష్ బావ వచ్చాడు. 'కంప్లయింటూ గింప్లయింటూ ఎందుకే దుర్గా? రెండు వారాలాగితే జనం ఇంకోటి చూసుకుంటారు. నీ ఫోను ఇలా ఇయ్యి, క్లీన్ చేసి ఇస్తా' అన్నాడు. ఫోను పోలీసుల దగ్గరుందని చెప్పాను. కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

నా ఫోటోల్లో ఒకటి ఉంది. దాని గురించి నిన్ను అడగాలి. ఇప్పుడు కాదులే.

దుర్గాశ్రీ


రాజోలు,
ఆగస్టు 27.

దుర్గమ్మా,

గోదావరి ఎర్రగా పొంగి వస్తోంది. లంకల్లో వాళ్ళంతా గట్టెక్కి మా స్కూల్లో దిగారు. పాఠాలు లేవు. పొద్దుటి నుంచి పులిహోర పొట్లాలు కడుతున్నాను. అందుకే ఈ ముక్క ఆలస్యమైంది.

నువ్వు స్టేషను మెట్లెక్కావని చదివాక నాకెంత నిబ్బరంగా ఉందో! ఆ ఎస్సైగారిని ఒకసారి చూడాలి.

సతీష్‌కి ఒంట్లో బాగుండటం లేదు. మీ ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచి గది తలుపు తియ్యడం లేదు. అన్నం సయించడం లేదంటున్నాడు. నీకిలా జరిగిందని వాడి మనసు విరిగినట్టుంది. చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నవాళ్ళు కదా.

ఫోటో అన్నావు, ఏ ఫోటో? నా దగ్గర దాపరికం ఎందుకు? అడుగు.

అత్త


కొత్తపేట,
సెప్టెంబరు 9.

అత్తా,

ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను. తిన్నగా రాసేస్తున్నాను.

పోయిన ఏడాది మీ ఇంట్లో సత్యనారాయణస్వామి వ్రతానికి వచ్చాం. నేను తలంటుకుని వెనక వసారాలో జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. వ్రతానికి కట్టుకోవలసిన చీర ఇంకా కట్టుకోలేదు. లంగా ఓణీలో ఉన్నాను. ఆ ఫోటో గ్రూపులో ఉంది. నేను దాన్ని ఎక్కడా పెట్టలేదు. అసలు తీశారనే తెలియదు. పైనుంచి, మేడ మీద గది కిటికీలోంచి తీసింది. ఆ గది ఎవరిదో నీకు తెలుసు.

నేను ఎస్సైగారికి ఆ మాట చెప్పాను. నేనే చెప్పాను అత్తా, వాళ్ళంతట వాళ్ళు కనుక్కోలేదు. వాళ్ళు గ్రూపు నడిపే నంబరు తీశారు. అది కూడా మీ ఇంటికే వచ్చింది. గ్రూపు నడుపుతున్నది సతీష్ బావ. నా ఫోటో పెట్టిందీ, కింద మా వీధి పేరు రాసిందీ బావే.

ఈ ఉత్తరం నీకు అందేసరికి పోలీసులు మీ ఇంటికి వచ్చి వెళ్ళి ఉంటారు. అలా లెక్క చూసుకునే పోస్టులో వేస్తున్నాను. ముందే చెబితే, నువ్వు తల్లివి. ఏం చేస్తావోనని నాకు భయం. నిన్ను ఆ పరీక్షలో పెట్టడం ఇష్టం లేకపోయింది.

నామీద కోపం తెచ్చుకో. కాని నేను చేసింది తప్పని మాత్రం రాయకు.

దుర్గాశ్రీ


రాజోలు,
సెప్టెంబరు 24.

చి. దుర్గాశ్రీకి,

పోలీసులు వచ్చారు. వీధి వీధంతా చూస్తుండగా నా కొడుకుని జీపు ఎక్కించారు. కంప్యూటరూ, ఫోనూ పట్టుకుపోయారు. మీ మామయ్య ఆదినారాయణగారు ఇంతవరకు ఒకరికి తలవంచి ఎరగరు. లాయరు వెంట తిరిగి తిరిగి బెయిలు తెచ్చారు.

వాడు తప్పు చేశాడేమో. చేయలేదని అనను. స్నేహితులు మొదలుపెట్టారనీ, వాడి నంబరు వాడుకున్నారనీ చెబుతున్నాడు. ఏది నిజమో ఆ భగవంతుడికి తెలియాలి. ఒక్కమాట ముందు నాకు చెప్పి ఉంటే, నాలుగు గోడల మధ్య వాడి చెంప పగలగొట్టి బుద్ధి చెప్పేదాన్ని. ఇంట్లో సంగతి ఇంట్లో ఉండేది.

మీ మామయ్య అన్నగారు, పెద్ద మామయ్య సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు వచ్చే వారం మీ ఇంటికి వస్తున్నారు. ఆయన చెప్పేది విను. మేనరికం మన ఇళ్ళల్లో కొత్త కాదు. కేసు వెనక్కి తీసుకుంటే రెండు కొంపలు నిలబడతాయి.

ఇంతకన్నా రాయలేను.

మాణిక్యం


కొత్తపేట,
అక్టోబరు 8.

మాణిక్యం గారికి,

మీరు పంపిన పెద్దమనుషులు వచ్చి వెళ్ళారు. ఏం జరిగిందో వాళ్ళు ఎలా చెబుతారో తెలియదు కాబట్టి నేనే రాస్తున్నాను.

పెద్ద మామయ్యగారు పళ్ళూ పూలూ పట్టుకుని వచ్చారు. మడత కుర్చీలో కూర్చుని నాన్నతో కాకుండా నాతోనే మాట్లాడారు.

'చూడమ్మా, కుర్రోడు తప్పు చేసేడు. కాదన్లేదు. కాని బయటోడు కాదు గదా, మేనబావే గదా. మూడుముళ్ళు పడిపోతే కేసూ ఉండదు, మాటా ఉండదు. మొగుడు పెళ్ళాం ఫోటో పెట్టుకున్నాడంటే ఎవడేం అంటాడు?'

నేను అడిగాను. 'పెద్ద మామయ్యగారండీ, ఆ గ్రూపులో ఇంకా చాలామంది ఆడవాళ్ళున్నారండి. వాళ్ళందర్నీ కూడా చేసుకుంటాడాండీ బావ?'

ఆయన మొహం కందిపోయింది. 'ఎటకారాలొద్దమ్మా. రేపొద్దున్న నిన్నెవడు చేసుకుంటాడో అది ఆలోచించుకో' అన్నారు.

రెండు నెలలుగా మంచం మీదున్న మా అమ్మ లోపలి గదిలోంచి లేచి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. 'ఎవరూ చేసుకోపోతే మా ఇంట్లోనే ఉంటాదండీ. పిల్లకి ముద్ద పెట్టలేని కొంపేం కాదండి ఇది. ఆయ్, ఆ పళ్ళు తీసుకెళ్ళండి' అంది. మా అమ్మ వెంకటరమణమ్మ ఎదురు మాట్లాడటం మీరెప్పుడైనా విన్నారా? నేను వినలేదు.

నాన్న వాళ్ళని వీధి గుమ్మం దాకా సాగనంపి వచ్చారు. నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, చాలాసేపు నా మొహం వంకే చూశారు. 'చిక్కిపోయేవే' అన్నారు. అంతే. నేను ఏడ్చింది అప్పుడు.

ఇక మీకు చెప్పవలసిన మాట. ఎస్సైగారు నన్నూ అనితనీ పిలిచి ఫోటోలు గుర్తుపట్టమన్నారు. అనిత ఫోటో ఎక్కడిదో తెలుసా? పోయిన ఏడాది గురుపూజోత్సవం నాడు మీ ఇంటికి వచ్చి, మీకు పట్టుశాలువా కప్పి, మీ కాళ్ళకి దండం పెట్టింది. అప్పుడు తీసింది. మీరే 'సతీష్, ఒక ఫోటో తియ్యరా' అన్నారట. గ్రూపులో పెట్టినప్పుడు దాన్ని మార్చారు. మిమ్మల్ని కత్తిరించేశారు. మీ పాదాలు మాత్రం ఉన్నాయి, ఆ పాదాల దగ్గర వంగి అనిత ఉంది. దాన్ని ఏం చేశారో నేను రాయను.

ఇంట్లో సంగతి అన్నారు. ఏ ఇంట్లో సంగతండీ ఇది?

కేసు వెనక్కి తీసుకోను. దీపావళి అమ్మకాలకి లైవ్ మళ్ళీ మొదలుపెడుతున్నాను. మిమ్మల్ని ఇక అత్తా అని పిలవలేను. ఉత్తరాలు కూడా రాయనక్కర్లేదు.

దుర్గాశ్రీ


రాజోలు,
నవంబరు 20.

దుర్గా,

అత్తా అని పిలవకు. రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. చదవడం మానెయ్యకు.

నీ ఉత్తరం వచ్చాక చాలా రోజులు దాన్ని మళ్ళీ ముట్టుకోలేకపోయాను. తరవాత అమలాపురం వెళ్ళి అనితని కాలేజీ దగ్గర కలిశాను. నన్ను చూడగానే ఎప్పుడూ ఒంగి దండం పెట్టే పిల్ల, దూరంగా నిలబడి చేతులు జోడించింది. 'మీ మీద కోపం లేదండి మేడమ్. కాని ఎవరి కాళ్ళకీ ఒంగలేకపోతున్నానండి. మా అమ్మమ్మ కాళ్ళకి కూడా' అంది. బస్సులో నా పాదాల వంక చూసుకుంటూ ఇంటికి వచ్చాను.

సతీష్ భోజనం చేస్తున్నాడు. ఎదురుగా కూర్చుని అడిగాను. ఎన్నాళ్ళయినా తల్లి అడగదనుకున్నాడేమో, అబద్ధం సిద్ధంగా లేదు.

'నేనెవర్నీ ముట్టుకోలేదు కదమ్మా. ఒట్టి బొమ్మలే కదా' అన్నాడు.

'బొమ్మలేగా. అయితే నాది కూడా పెట్టరా నీ గ్రూపులో' అన్నాను.

'ఛీ! ఏం మాటలమ్మా అయ్యి?' అన్నాడు.

'ఆ ఛీ ఏదో దుర్గ ఫోటో తీసినప్పుడు రాలేదేంరా? అనిత నా కాళ్ళకి దండం పెడుతుంటే రాలేదేంరా?'

కంచం తోసేసి లేచిపోయాడు. 'నీకు నేను ముఖ్యమా, వాళ్ళా?' అని మేడ మీద నుంచి అరిచాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది. నాకు నువ్వు ముఖ్యం కాబట్టే ఇది చేస్తున్నాన్రా అని. కాని అది వాడికి ఇప్పుడు అర్థం కాదు.

ఇప్పుడు నీకు చెప్పనిది చెబుతాను. నువ్వు నన్ను పరీక్షలో పెట్టకూడదని ఉత్తరం ఆలస్యంగా పంపావు. ఆ పరీక్ష అప్పటికే నా బీరువాలో ఉంది. మీ ఇంటి నుంచి వచ్చిన మర్నాడు వాడు నాకొక ఫోను ఇచ్చాడు. 'ఆఫీసుదమ్మా, నీ స్కూలు బీరువాలో ఉంచు' అన్నాడు. ఉంచాను. పోలీసులు వచ్చిన రోజున ఎస్సైగారు 'ఇంకేమైనా ఫోన్లున్నాయాండీ?' అని నన్నే అడిగారు. లేవన్నాను. అప్పటికి నాకు అర్థమైంది దుర్గా. అర్థమయ్యే లేవన్నాను. పెద్ద మామయ్యగారిని మీ ఇంటికి పంపినప్పుడు కూడా ఆ ఫోను నా బీరువాలోనే ఉంది.

పోయిన సోమవారం దాన్ని తీసుకెళ్ళి దుర్గాదేవిగారి బల్ల మీద పెట్టాను. ఎక్కడి నుంచి వచ్చిందో, నేను ఎందుకు దాచానో అన్నీ చెప్పాను. 'దాచినందుకు మీ మీద కూడా కేసు రావచ్చండి మేడమ్' అన్నారావిడ. రానివ్వండి అన్నాను. రాసుకున్నారు. చదివి సంతకం పెట్టాను.

మీ మామయ్య నాతో మాట్లాడటం లేదు. పెద్ద మామయ్యగారింట్లో సీమంతానికి నన్ను పిలవలేదు. 'కన్న కొడుకుని పట్టించిన తల్లి' అని వీధిలో అనుకుంటున్నారు. అనుకోనీ. వాడికి రోజూ అన్నం వండి పెడుతున్నాను. కోర్టులో సాక్ష్యం కూడా చెబుతాను. ఈ రెండూ నేనే చెయ్యాలి, ఇంకెవరూ చెయ్యలేరు.

నన్ను క్షమించమని అడగడం లేదు.

మాణిక్యం


కొత్తపేట,
డిసెంబరు 12.

అత్తా,

ఆ ఫోను మూడు నెలలకు పైగా దాచావని చదివి ఉత్తరం గోడకేసి కొట్టాను. ఆ కోపం ఉంది. ఇంకా కొన్నాళ్ళు ఉంటుంది. అయినా అత్తా అనే రాస్తున్నాను, ఎందుకంటే వేరే ఏ మాట రాసినా నీకు రాసినట్టు లేదు.

ఆ ఫోనులో ఎవరెవరు ఫోటోలు పంపారో, ఎవరు ఏ ఆడపిల్లని అడిగారో మొత్తం ఉందట. ఎస్సైగారు వరసగా పిలిపిస్తున్నారు. ఒకడు ట్యూషన్లు చెప్పేవాడు. ఒకడు కపిలేశ్వరపురంలో పెద్ద రైతు. ఇంకొకాయన వరలక్ష్మీ వ్రతానికి వాళ్ళావిడ కోసం నా దగ్గర చీర కొన్నాడు. 'మీ సెలక్షన్ బాగుంటుందండి' అని మెచ్చుకున్నాడు కూడా. అదే సాయంత్రం నా ఫోటో కింద రాశాడు. ఛార్జిషీటు వేశారు. గ్రూపు మూసేశారు. ఫోటోలు మాత్రం ఇంకా ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉన్నాయి. అనితా నేనూ ప్రతి ఆదివారం కూర్చుని వెతికి వెతికి తీయిస్తున్నాం. కలుపు తీసినట్టే, మళ్ళీ వస్తుంది, మళ్ళీ తియ్యాలి.

నీకు లైవ్ సంగతి చెప్పాలి. మొదటి రోజుకి నాన్న అమలాపురం వెళ్ళి కొత్త లైటు కొనుక్కొచ్చి, ఎలా బిగించాలో తెలియక చెమటలు కక్కారు. అమ్మ చీరలు మడత విప్పి అందించింది. చిన్నతల్లిని పక్కన కూర్చోబెట్టాను. ఆ చీర నెయ్యడానికి వాళ్ళింట్లో ఎవరెవరు ఏం చేస్తారో అది చెబుతుంటే జనం నోరు తెరుచుకుని విన్నారు.

మధ్యలో ఒకడు రానే వచ్చాడు. 'నిన్ను చూశాం' అని రాశాడు. నేను లైవ్ ఆపలేదు. వాడి పేరు పైకి చదివాను. 'మీరు చూసింది కంప్యూటరు గీసిన బొమ్మనండి. నేను ఇదిగో, ఇక్కడున్నాను. మీ కామెంటు మాత్రం ఎస్సైగారికి పంపుతున్నాను. ఈ చీర నెమలికంఠం రంగు, అంచు చేత్తో తీసింది. ఎవరికి కావాలండీ?' అన్నాను.

తరవాత ఎవరో పెద్దావిడ, 'నాకు కావాలమ్మా' అని రాసింది. వెంటనే ఇంకొకావిడ. తరవాత ఆడవాళ్ళంతా వరసగా. వాడు ఎప్పుడు పోయాడో కూడా చూడలేదు. కెమెరా వెనక నిలబడి నాన్న, 'అది అమ్ముడైపోయింది, తరవాతది చూపించవే' అన్నారు. ఆ గొంతు కూడా లైవ్‌లో వినపడిపోయింది.

పోయిన వారం నుంచి అనిత, మరో ముగ్గురు కూడా వచ్చి చీరలు కట్టి చూపిస్తున్నారు. ఆ మనవడున్న ఆవిడ చూపించిన చీరలే అన్నిటికన్నా ముందు అయిపోతున్నాయి.

బావ గురించి నాకు ఏమీ రాయకు. ఎలా ఉన్నాడో కూడా రాయకు. నీ గురించి రాయి.

దుర్గాశ్రీ


రాజోలు,
మార్చి 3.

దుర్గమ్మా,

నా గురించి రాయమన్నావుగా, రాస్తున్నాను. బాగున్నాను. స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో ఒకాయన లేచి, 'కొడుకుని పెంచుకోలేని మేడమ్ మా పిల్లలకేం చెబుతారండీ?' అన్నాడు. అందరూ తలొంచుకున్నారు. 'మీరన్నది నిజమేనండి. అందుకే మీ మగపిల్లల్ని ఇవాళ్టి నుంచి ఇంకాస్త గట్టిగా చూసుకుంటాను. ఇంటికెళ్ళి మీరు కూడా వాళ్ళ ఫోన్లు చూడండి' అన్నాను. కూర్చున్నాడు. మీటింగయ్యాక నలుగురు తల్లులు నా దగ్గరికి వచ్చి, ఫోను ఎలా చూడాలో చూపించమని అడిగారు. నాకూ సరిగా రాదు. అనితని పిలిపించాను. వచ్చింది.

మీ మామయ్య నిన్న మొదటిసారి మాట్లాడారు. 'సాక్ష్యం చెప్పకుండా ఉంటే నీకేం పోతాది?' అన్నారు. మన ఇంటికి ఇక ఏ ఆడపిల్లా దండం పెట్టడానికి రాదండీ అన్నాను. ఆయన లేచి తోటలోకి వెళ్ళిపోయారు. ఇంకా కోపంగానే ఉన్నారు. కాని బస్సు చార్జీలకి చిల్లర బల్ల మీద పెట్టి వెళ్ళారు.

వాయిదా పదిహేడో తారీకు. అమలాపురం కోర్టు. ఆ రోజు నన్ను పిలుస్తారట. వాళ్ళ లాయరు నన్ను చాలా అడుగుతాడని దుర్గాదేవిగారు చెప్పారు. 'మీరు తల్లేనా' అని కూడా అడుగుతాడట. అడగనీ.

బావ సంగతి రాయొద్దన్నావు. ఈ ఒక్క ముక్కకీ ఓర్చుకో. ఆ రోజు వాడు కూడా కోర్టుకి రావాలి. పొద్దున్నే లేచి వాడికి టిఫిను పెడతాను. ఇద్దరం ఒకే బస్సు ఎక్కుతాం, వేరే దారి లేదు. అమలాపురంలో దిగాక వాడు వాడి లాయరు దగ్గరికి వెళ్తాడు. నేను నీ దగ్గరికి వస్తాను.

బస్టాండులో ఉండు.

నీ అత్త,
మాణిక్యం